చీర పాతదే... సింగారం కొత్తది

* పడమటి మండలాల మహిళలకు తక్కువ ఖర్చులో పండుగ సొగసు
* చీరకన్నా రవికపైనే ఫ్యాషన్ మార్పు
* ‘ఆర్ట్ సిల్క్’ మాటతో జాగ్రత్త

మదనపల్లె: శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, ఆ వెంటనే వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి. నడుమ మాఘంలోనూ వైశాఖంలోనూ పెళ్లిళ్లు. ఎండలు ముదరకముందే పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, మే నెలలో కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఇంటి ఇల్లాలికి నలుగురిలోకి వెళ్లాల్సిన అవసరం రాని నెల అంటూ లేదు. వెళ్లిన ప్రతిసారీ ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోలు సాయంత్రానికల్లా బంధువులందరి ఫోన్లకూ చేరిపోతాయి. నిరుడు ఫలానా పెళ్లిలో కట్టిన చీరే మళ్లీ కట్టిందన్న సంగతి పూర్వం ఎవరికో ఒకరికి గుర్తుండేది. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ పదిలంగా ఉంటోంది.

కొత్త ఫ్యాషన్లు ఈ ప్రాంతానికి ఆలస్యంగా చేరే రోజులు పోయాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటికీ బెంగళూరు దగ్గరే. కుప్పం అయితే చెన్నై-బెంగళూరు రైలు మార్గంలోనే ఉంది. అక్కడి దుకాణాల్లో వేలాడే రకం వారం తిరగకముందే ఇక్కడి బజారులోనూ కనిపిస్తోంది. సినిమా పేరో, టీవీ సీరియల్ పేరో తగిలించుకొని వచ్చే చవక రకాల్లో అధిక భాగం గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాలపై తయారయ్యే పాలిస్టర్ సరుకే. పేరు ప్రతి సీజనుకూ మారుతుంది. బట్ట మాత్రం దాదాపు అదే. టమోటా కోతలకు వెళ్లే కూలీ, చిరుద్యోగి, కళాశాల విద్యార్థిని ఈ వేగాన్ని డబ్బుతో అందుకోవడం సాధ్యం కాదు. అందుకోవాలని చూసినవారు కంతుల బాకీల్లో చిక్కుకుంటున్నారు. అయితే ఏది మారుతోందో, ఏది మారడం లేదో గమనిస్తే ఖర్చు చాలావరకు తగ్గించుకోవచ్చు.

మారేది రవికే

చీర కుట్టని బట్ట. అయిదున్నర మీటర్ల పొడవు, దానికి అంటి దాదాపు 80 సెంటీమీటర్ల రవిక గుడ్డ. మనిషి లావెక్కినా సన్నబడినా చీరకు ఇబ్బంది లేదు. తల్లి చీర కూతురికి, అత్త చీర కోడలికి సరిపోతుంది. అందువల్ల చీరకు ఫ్యాషన్ కాలదోషం త్వరగా పట్టదు. పట్టేదల్లా రవికకే. మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడవు, హుక్కులు ముందా వెనుకా అన్నవే ఏ కాలపు సింగారమో చెప్పేస్తాయి. ఒకప్పటి బుట్ట చేతులు మరుగునపడి మళ్లీ వచ్చాయి. మోచేతి వరకు ఉండే చేతులు పోయి వచ్చాయి. పడవ ఆకారపు మెడ, మూసిన మెడ, వీపున తాళ్లు వంతులవారీగా తిరుగుతూనే ఉన్నాయి. పాత ఫొటోల పెట్టె తెరిచి చూస్తే వీటిలో పూర్తిగా కొత్తది అంటూ ఏదీ లేదని తేలిపోతుంది.

కాబట్టి చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే దానితో నాసిరకం కొత్త చీర కొనడం కన్నా, బీరువాలోని మంచి చీరకు కొత్త రవిక కుట్టించుకోవడం మేలు. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. ప్రతి చీరకూ దాని గుడ్డతోనే రవిక కుట్టించాలన్న నియమం ఇప్పుడు లేదు. చీరకు ఎదురు రంగు రవిక వేయడమే కొంతకాలంగా మోజుగా సాగుతోంది. బంగారు రంగు, మెరూన్, ముదురాకుపచ్చ, రాణీ రంగు రవికలు నాలుగు ఉంటే ఇంట్లోని చీరల్లో ఎక్కువ భాగానికి ఏదో ఒకటి నప్పుతుంది. నాలుగు రవికలు, ఎనిమిది చీరలు ఉన్న ఇంట్లో ఎన్ని జతలు కుదురుతాయో లెక్క వేసుకోవచ్చు. చీరతో వచ్చిన గుడ్డను అప్పటికప్పుడు కత్తిరించకుండా దాచి ఉంచితే, రెండేళ్ల తర్వాత అప్పటి తీరులో కుట్టించుకునే వీలుంటుంది.

కుట్టించేటప్పుడు లోపలి మడత రెండు పక్కలా కనీసం అంగుళంన్నర వదలమని దర్జీకి ముందే చెప్పాలి. చాలామంది ఈ మాట మరచిపోతారు. ఒళ్లు చేసిన మరుసటి ఏడాది రవిక పనికిరాకుండా పోవడానికి అదే కారణం. మడత ఉంటే కుట్టు విప్పి వదులు చేయించుకోవడం పది నిమిషాల పని.

మగ్గం వర్క్ విషయంలో ఖర్చు చేయి దాటుతోంది. చట్రానికి బిగించిన గుడ్డపై పూసలు, జరీ, చంకీలతో చేతితో చేసే ఈ పనికి కూలి పట్టిన రోజులను బట్టి ఉంటుంది. కొన్ని రవికల కూలి చీర ధరను మించిపోవడం పరిపాటి. ఇంటికి ఒకటి, అది కూడా బంగారు రంగుపైనో మెరూన్‌పైనో చేయించుకుంటే చాలు. పైటతో కప్పబడే ముందు భాగాన్ని వదిలేసి, కనిపించే చేతుల అంచులకు, వీపు మెడకు మాత్రమే పని చేయిస్తే కూలి బాగా తగ్గుతుంది. ‘కంప్యూటర్ వర్క్’ అని పిలిచే యంత్రపు కుట్టు ఇంకా చౌక. దూరం నుంచి చూసేవారికి పెద్దగా తేడా తెలియదు.

‘ఆర్ట్’ అంటే కళ కాదు

మదనపల్లెకు ఆనుకొనే ఉన్న నీరుగట్టువారిపల్లెకు రెండు పేర్లున్నాయి. ఒకటి టమోటా మార్కెట్టు. రెండోది పట్టు మగ్గాలు. టమోటా ధర పెరిగినా పడినా దేశమంతా తెలుస్తుంది గానీ, మగ్గాల సంగతి ఊరి పొలిమేర దాటి వినబడదు. ఇక్కడ నేసిన చీరలు వ్యాపారుల చేతుల మీదుగా వేరే నగరాలకు వెళ్లి, అక్కడి దుకాణాల వెలుగుల్లో వేరే పేర్లతో అమ్ముడవుతుంటాయి. ఆ చీరనే మదనపల్లె మహిళ బెంగళూరు వెళ్లి, దుకాణం అద్దె, మధ్యవర్తుల లాభం కలిపి కొనుక్కొని రావడం కొత్తేమీ కాదు.

నేత ఇళ్ల వద్దో, స్థానిక సహకార సంఘంలోనో, ఆప్కో విక్రయశాలలోనో కొనేవారు ధర తగ్గించుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. పట్టు చీర వెలను నిర్ణయించేవి ప్రధానంగా పట్టు బరువు, జరీ రకం, పనితనం. ఒళ్లంతా బుటాలు ఉన్న చీరకు బదులు సాదా ఒడలు, చిన్న అంచు, నిండైన కొంగు ఉన్నది ఎంచుకుంటే చౌకగా వస్తుంది. కట్టినప్పుడు అందరి కంటా పడేది కొంగే కదా. ఒడలు ఒక రంగు, అంచు మరో రంగు ఉన్న చీరను సంప్రదాయ పద్ధతిలో నేయాలంటే పక్కన మరొకరు సాయం కూర్చోవాలి. అందుకే ఆ చీరకు కూలి ఎక్కువ. ఒకే రంగు చీరకు ఆ ఖర్చు ఉండదు. జరీలోనూ తేడాలున్నాయి. పట్టు దారానికి వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసినది అసలు జరీ. రాగి తీగపై వెండి పూతతో చేసేది తర్వాతి రకం. ప్లాస్టిక్ పొరతో చేసేది అన్నిటికన్నా చవక. చవక జరీ చీర కొనడంలో తప్పేమీ లేదు. అసలు జరీ వెల ఇచ్చి దాన్ని కొనడమే నష్టం.

మాటల గారడీతో ఇంకా జాగ్రత్త పడాలి. ‘ఆర్ట్ సిల్క్’ అన్నప్పుడు ఆర్ట్ అంటే కళ అని అనేకులు అనుకుంటారు. అది ఆర్టిఫిషియల్ అనే మాటకు పొట్టిరూపం. అంటే కృత్రిమ పట్టు. ‘సెమీ పట్టు’, ‘పట్టు ఫినిషింగ్’ వంటివీ ఆ కుదురుకు చెందినవే. కొంగు చివర వేలాడే రెండు దారాలను తెంపి వెలిగిస్తే అనుమానం తీరుతుంది. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మంట తీయగానే ఆరిపోతుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్ల మధ్య నలిగి పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పడుగు ఒకటి, పేక ఒకటి కలిపి నేసే మోసం కూడా ఉంది కనుక నిలువు దారాన్నీ అడ్డ దారాన్నీ వేర్వేరుగా పరీక్షించాలి. ఇదంతా ఎందుకనుకునేవారు కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూసుకోవచ్చు. అది పట్టు అసలుదని చెబుతుందే తప్ప చేతి మగ్గంపై నేసినదని చెప్పదు. దానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరుగా ఉంది.

ఈ తేడా కొనేవారికి డబ్బు లెక్క. నేసేవారికి బతుకు లెక్క. కొన్ని చీర రకాలను చేతి మగ్గాలకే కేటాయిస్తూ 1985లో కేంద్ర చట్టం వచ్చింది. అయినా మరమగ్గాల చీరలు చేనేత పేరుతో బజారులో తిరుగుతున్నాయన్నది నేతన్నల చిరకాల ఫిర్యాదు. ఫ్యాషన్ తొందరగా మారిపోవడం వారికి మరో దెబ్బ. మగ్గానికి ఒక్క చీరకు కాకుండా వరుసగా కొన్ని చీరలకు సరిపడా పడుగు ఎక్కిస్తారు. ఆ చీరలు దిగేలోగా రంగు మోజు మారిపోతే సరుకు నిలిచిపోతుంది. కొత్త డిజైన్ వేయాలంటే దానికి అట్టలు కొట్టించాలి, మగ్గాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. అన్ని రోజులూ నేత ఆగిపోయినట్టే. కూలి చీరకు ఇంత అని కట్టే చోట మగ్గం ఆగిన రోజుకు పైసా రాదు. ఏడాదికి నాలుగు పాలిస్టర్ చీరలు కొనే ఇల్లు ఆ డబ్బు కూడబెట్టి రెండేళ్లకొక చేనేత చీర కొన్నా, పదేళ్ల తర్వాత బీరువాలో మిగిలేది చేనేతే.

పాత పట్టును తూకానికి ఇవ్వవద్దు

అటకెక్కిన పట్టు చీరలు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని రెండు రకాలుగా విడదీయాలి. మడతల వెంట చిట్లకుండా గట్టిగా ఉన్న చీరను కత్తెరకు అప్పగించనక్కర్లేదు. శుభ్రం చేయించి, రోలింగ్ చేయించి, ఎదురు రంగు రవికతో కడితే కొత్త చీరే. పాత పట్టు చీర అంచును ఇప్పటి యంత్రపు సరుకు అందుకోలేదు. అమ్మమ్మ చీర కట్టుకొని పెళ్లికి వెళ్లడమే ఇప్పుడు పట్టణాల్లో ఒక ఫ్యాషన్ కావడం గమనార్హం.

మడతల వద్ద పట్టు నలిగిపోయిన చీరల సంగతి వేరు. అంచు, కొంగు సాధారణంగా బాగానే ఉంటాయి. అంచు విడదీసి సాదా జార్జెట్ చీరకో, కాటన్ పరికిణీకో వేయించవచ్చు. కొంగుతో రవిక వస్తుంది. ఒడలిలో చెడిన భాగం తీసేస్తే ఎదిగే పిల్లకు పరికిణీకి మూడు, మూడున్నర మీటర్లు దొరుకుతాయి. రెండున్నర మీటర్ల కొత్త వోణి కొంటే లంగావోణి తయారు. పొడుగు గౌను కుట్టించేవారు నలిగిన పట్టుకు లోపల మెత్తని కాటన్ గుడ్డ తప్పక వేయించాలి. లేకుంటే మొదటిసారి కూర్చున్నప్పుడే కుట్టు వద్ద చిరుగుతుంది.

పాత చీరలు కొంటామంటూ వీధుల్లోకి వచ్చేవారికి గుడ్డితనంగా ఇచ్చేయడం తగదు. వారు కొనేది చీరను కాదు, జరీలోని వెండిని. 2025లో వెండి ధర ఎంతగా పెరిగిందో అందరికీ తెలిసిందే. అసలు జరీ చీరను స్టీలు గిన్నెకో నాలుగు నోట్లకో ఇచ్చేముందు, జరీలో వెండి ఎంతో నమ్మకమైన చోట పరీక్ష చేయించుకొని, రెండు మూడు చోట్ల ధర అడగడం మంచిది.

ఆషాఢం ఒకటి, ఆడి మరొకటి

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పానికి ఒక వెసులుబాటు ఉంది. తెలుగువారి ఆషాఢం చాంద్రమానం. తమిళుల ఆడి మాసం సౌరమానం. అది ఏటా జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య వరకు నడుస్తుంది. ఆషాఢం ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. రెండు మాసాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక దుకాణాలవారు నిల్వ సరుకును తగ్గింపు ధరకు వదిలించుకుంటారు. తెలుగు, తమిళ బజార్లు రెండూ అందుబాటులో ఉన్న కుప్పం మహిళలకు ఆ విధంగా తగ్గింపు రోజులు ఎక్కువ దొరుకుతాయి. శ్రావణానికి, దసరాకు కావలసినవి అప్పుడే కొని ఉంచుకోవాలి. కాకపోతే తగ్గింపు చీటీ అంటించే ముందు ధర పెంచే దుకాణాలూ లేకపోలేదు. అదే రకం ధర నెల ముందు ఎంతో తెలిసినవారే లాభపడతారు.

ప్రయాణ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. పుంగనూరు పరిసర గ్రామాలవారు మదనపల్లె వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చినా నష్టం లేదు. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు. బెంగళూరులో చౌక అని వెళ్లేవారు రానుపోను చార్జీలు, భోజనం కలిపి చూసుకుంటే, ఒకటి రెండు చీరలకు ఆ చౌక మిగలదు. పది ఇళ్లవారు కలిసి ఒకరిద్దరిని పంపి టోకున తెప్పించుకుంటే మాత్రం గిట్టుబాటవుతుంది.

రెడీమేడ్ దుస్తులు కొనేవారు పన్ను మెట్టును గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో దుస్తుపై రూ.2,500 వరకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. పన్ను కాక రూ.2,500 ఉన్న లెహంగాకు పన్ను రూ.125. రూ.2,600 ఉన్నదానికి రూ.468. వంద రూపాయల తేడాకు పన్నులో రూ.343 తేడా వస్తుంది. బేరమాడాల్సింది సరిగ్గా అక్కడే.

కంతుల చీర అసలు ధర

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, పడమటి మండలాలంతటా ఇంటి వద్ద చీరలు అమ్మే మహిళలు ఉన్నారు. తెలిసిన మనిషి, ఇంటి ముంగిటికే సరుకు, డబ్బు నెమ్మదిగా ఇవ్వవచ్చు. సౌకర్యమే. లెక్క మాత్రం చూసుకోవాలి. ఉదాహరణకు నగదుకు రూ.1,200 పలికే చీరను వారానికి రూ.150 చొప్పున పది వారాలు కట్టే ఒప్పందంపై తీసుకుంటే చివరకు కట్టేది రూ.1,500. పది వారాలకు పాతిక శాతం అదనం. అదీగాక మొదటి వారం నుంచే అసలు తీరుతూ వస్తుంది కనుక నిజమైన వడ్డీ అంతకంటే ఎక్కువే. అటువంటి చీరలు మూడు ఒకేసారి నడుస్తుంటే వారం కూలిలో పెద్ద భాగం చీరలకే పోవచ్చు.

దీనికి బదులు నమ్మకస్తులైన పదిమంది నెలకు రూ.200 వేసుకొని, నెలకొకరు రూ.2,000 చొప్పున తీసుకునే పద్ధతి కొన్ని స్వయం సహాయక బృందాల మహిళలకు అలవాటే. ఇంట్లో పెళ్లి ఉన్నవారికి ముందు నెల, శ్రావణంలో కావలసినవారికి ఆ నెల అని ముందే మాట్లాడుకుంటే వడ్డీ మాట ఉండదు. ముఖపరిచయం లేనివారు నడిపే చీటీలకు, నమోదు లేని చీటీలకు మాత్రం దూరంగా ఉండాలి.

ఫోన్‌లో కొనుగోళ్లది మరో కథ. బొమ్మలో నిగనిగలాడే చీర చేతికి వచ్చేసరికి పలుచని వల గుడ్డలా ఉందన్న అనుభవం లేని వీధి లేదు. బట్ట రకం ఏమని రాశారో చదవాలి. కొన్నవారు పెట్టిన సొంత ఫొటోలు చూడాలి. తిరిగి తీసుకునే గడువు ఎన్ని రోజులో చూసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకుంటే వాపసుకు ఆధారం దొరుకుతుంది. వ్యాపారి స్పందించకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

కుర్తాలు అయిదు, దుపట్టాలు రెండు

కళాశాల అమ్మాయిలకు, ఉద్యోగాలకు వెళ్లేవారికి చీరల సూత్రమే వేరొక రూపంలో పనికివస్తుంది. మొత్తం సెట్టుగా కొనడం మానితే ఖర్చు తగ్గుతుంది. సాదా కుర్తాలు అయిదు, తెలుపు, నలుపు, గోధుమ రంగు బాటమ్‌లు మూడు, కంటికి ఆనే దుపట్టాలు రెండు ఉంటే నెల గడిచిపోతుంది. దుపట్టా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పూర్వపు జిల్లాలోనే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. కలంతో గీసిన అసలు దుపట్టా ఖరీదైనదే. అచ్చు వేసిన గుడ్డ చౌకగా దొరుకుతుంది. అచ్చు సరుకును చేతి కలంకారీ ధరకు అమ్మితే మోసం. చేతితో గీసినదానిలో ఏ రెండు పూలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

వాతావరణం కూడా ఇక్కడ వేరు. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున చలి గజగజలాడిస్తుంది. కోస్తా బజార్లను చూసి తయారయ్యే పలుచని ‘వింటర్’ రకాలు ఇక్కడ ఆగవు. మెడ మూసిన పొడుగు చేతుల రవిక ఒకటి, నిండు శాలువా ఒకటి ఉంటే ఏ చీరకైనా సరిపోతాయి. వేసవి జాతరలకు కాటన్‌ను మించినది లేదు. పాలిస్టర్ చెమటను పీల్చుకోదు. రేయాన్ మెత్తగానే ఉంటుంది గానీ కుంచించుకుపోతుంది. కుట్టించడానికి ముందే ఒకసారి తడిపి ఆరవేయాలి.

పెళ్లికూతురి భారీ లెహంగా, హారాలు, వడ్డాణం వంటివి ఒక్క పూట కోసం కొనే బదులు అద్దెకు తెచ్చుకోవడం పట్టణాల్లో మామూలైంది. తీసుకునేటప్పుడే రాళ్లు ఊడినవి, మరకలు ఉన్నవి ఫొటో తీసి చూపించాలి. లేకపోతే డిపాజిట్టు వద్ద పేచీ వస్తుంది.

ఉన్నవాటిని కాపాడుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. పట్టు చీరను ప్లాస్టిక్ సంచిలో కాక ఉతికిన కాటన్ గుడ్డలో చుట్టాలి. నాఫ్తలీన్ గోలీలు జరీకి తగలకూడదు. సెంటు చీరపై చల్లకూడదు. మూడు నెలలకొకసారి విప్పి, నీడన గాలికి ఆరవేసి, మడత మార్చాలి. కొత్త చీరకు ఫాల్ కుట్టించేముందు ఆ ఫాల్ గుడ్డను తడిపి ఆరబెట్టకపోతే, మొదటి ఉతుకుకే అది ముడుచుకొని చీర అడుగు ముడతలు పడుతుంది. ఇక దర్జీల సంగతి. వరలక్ష్మీ వ్రతానికి రెండు వారాల ముందు నుంచే వారి వద్ద గుడ్డలు గుట్టలుగా పేరుకుంటాయి. కొందరు కొత్తవి తీసుకోరు, కొందరు తొందర పనికి అదనంగా అడుగుతారు. ఆషాఢంలో అదే దర్జీ ఖాళీగా ఉంటారు. కొలత సరిచూసి, మార్పులు అడిగితే విసుక్కోకుండా కుట్టిస్తారు.